తలుపు దాటిన పటం

ఫిబ్రవరి 10, సోమవారం

చిరంజీవి మనవరాలు తొందరకు,

ఈ ఉత్తరం ఇవాళే రాయడానికి కారణం నా కోపం. రేపటికి తగ్గిపోతుందేమోనని, తగ్గకముందే కాగితం మీద పెడుతున్నాను. ఫోన్ చెయ్యను. ఫోన్లో నువ్వు "అది కాదు అమ్మమ్మా" అంటావు, నేను "ఏది కాదు" అంటాను, చివరికి ఎవరేమన్నారో ఇద్దరికీ గుర్తుండదు. ఉత్తరమైతే నా దగ్గర నకలు ఉంటుంది. నువ్వూ ఉత్తరమే రాయి.

పొద్దున కింద ఇస్త్రీ కొట్టుకు దుప్పట్లు పట్టుకెళ్ళాను. కొట్టావిడ ఎప్పటిలాగే ఇస్త్రీపెట్టె ముందు చెమటలు కక్కుతోంది. బల్ల చివర ఒక పిల్ల దుప్పటి కొసలు కలిపి మడత పెడుతోంది. ఒంటి మీద మీ బడి స్వెట్టరు. సోమవారం పొద్దున పది గంటలకు ఏడో తరగతి పిల్ల ఎక్కడుండాలి?

ఎవరో నీకు అర్థమయ్యే ఉంటుంది. కొట్టావిడ అక్క కూతురు. కిందటేడు వాళ్ళ కుటుంబం ఈ దేశానికి వచ్చి మీ ఊళ్ళో దిగినప్పుడు, పిల్లను ఏ బడిలో వెయ్యాలని కొట్టావిడ నన్నే అడిగింది. నా మనవరాలు పనిచేసే బడి ఉంది, కళ్ళు మూసుకుని వెయ్యండి, అది చూసుకుంటుంది అన్నాను. ఆ మాట నాది. ఆ మాట మీదే వాళ్ళు అక్కడ చేర్చారు.

పిల్లకు బడి లేదా అని అడిగితే కొట్టావిడ ఇస్త్రీపెట్టె ఆపలేదు. నా ముఖం కూడా చూడలేదు.

"మీ మనవరాలే క్లాసు బయట నిలబెట్టిందండీ. తలుపు కూడా వేసేసిందట. ఇంక బడి గేటు దాటనంటోంది పిల్ల. మా అక్కా బావా ఇద్దరూ పనికి పోతారు, ఇంట్లో ఒక్కదాన్నీ ఎలా వదులుతారు? అందుకే ఇక్కడికి పంపేశారు."

అదీ నువ్వు వలసల పాఠం చెప్పిన రోజట. వేరే దేశాల నుంచి వచ్చిన వాళ్ళని ఎలా గౌరవించాలో నేర్పే పాఠం. దుప్పట్లు బల్ల మీద పెట్టేసి పైకి వచ్చేశాను.

జీవితమంతా లెక్కలు చెప్పాను. పిల్లలకి నేనంటే హడలు. తప్పు చేస్తే పదిసార్లు రాయించాను, సాయంత్రం దాకా కూర్చోబెట్టాను. కానీ ఏ పిల్లనీ గది బయటికి పంపలేదు. బయట నిలబడ్డ పిల్లకు పాఠం వినపడదు. ఇంత చిన్న సంగతి నీకు నేను చెప్పాలా?

ఆ పిల్ల చేసిన నేరమేమిటో రాయి. సాకులు రాయకు.

నువ్వు పంపిన కళ్ళజోడు పెట్టె అందింది. మూత బిగుతుగా ఉంది.

అమ్మమ్మ


ఫిబ్రవరి 13, గురువారం

అమ్మమ్మకు,

నమస్కారం. నీ ఉత్తరం స్టాఫ్ రూములో అందరి ముందూ విప్పాను, కళ్ళజోడు పెట్టె సంగతి రాసి ఉంటావని. కొట్టావిడ మాటల దాకా వచ్చేసరికి లేచి బయటికి వెళ్ళిపోవాల్సి వచ్చింది. నేను ఏ పిల్లనీ ఎప్పుడూ బయట నిలబెట్టలేదు. ఆ పిల్లను అసలే కాదు. ఇది సాకు కాదు, నిజం.

నువ్వు ముందే తీర్పు చెప్పి, తరువాత వివరణ అడుగుతున్నావు. అయినా రాస్తాను.

పాఠం ఫిబ్రవరి నాలుగున జరిగింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చదివితే పిల్లలు ఆవులిస్తారని, బల్లలన్నీ వెనక్కి జరిపి గది నేల మీద సుద్దతో ప్రపంచ పటం గీశాను. మధ్యలో మన బడి. అక్కడి నుంచి అన్ని దిక్కులకీ దూరాలు. ప్రతి పిల్లా తమ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో ఆ చోటు టేపుతో కొలుచుకుని వెళ్ళి నిలబడాలి. తాతల కాలం నుంచీ ఇక్కడే ఉన్నవాళ్ళు మధ్యలో నిలబడాలి. తరువాత ఒక్కొక్కరూ తమ చోటు పేరు చెప్పి మధ్యలోకి నడిచి వస్తుంటే మిగతావాళ్ళు చప్పట్లతో ఆహ్వానించాలి. నాన్నగారిది పక్క రాష్ట్రమని ఒకడు, నానమ్మ పడవలో వచ్చిందని ఒకమ్మాయి, ఎంత బాగా చెప్పారో. అదే రోజు ఇన్‌స్పెక్టరు వచ్చారు. ఇలాంటి పాఠం ఈ మధ్య చూడలేదని రిజిస్టర్లో రాసి వెళ్ళారు. ఆ సంగతి నీకు రాసి సంతోషపెడదామనుకున్నాను. ఈలోగా నీ ఉత్తరం.

నీకు గుర్తుందా, మొదట నేను వేసిన చిన్న పటం నీకు పంపితే తిట్టావు. దూరదేశాలన్నీ గోడల పక్కన ఇరికించానని, దూరాన్ని దుప్పటిలా మడత పెట్టకూడదని, స్కేలు తప్పితే పాఠమే తప్పుతుందని రాశావు. వెయ్యి కిలోమీటర్లకు రెండడుగులు అని నువ్వే తేల్చావు. నువ్వు చెప్పినట్టే గీశాను. ఆ పాఠంలో సగం నీదే.

ఆ పిల్ల మర్నాటి నుంచి రాలేదు. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను. ఇంటికి రెండుసార్లు ఫోన్ చేశాను, ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడు నాకు తోస్తున్నదేమిటంటే, కొట్టులో పనికి మనిషి కావాల్సి వచ్చి పిల్లను మాన్పించారు. అది ఒప్పుకోలేక నా మీద పెట్టారు. ఇలాంటివి మేం రోజూ చూస్తుంటాం. నువ్వు నమ్మేశావు. సొంత మనవరాలి మాట అడగకుండానే నమ్మేశావు, అదే నాకు బాధ.

మూత వాడగా వాడగా వదులవుతుంది.

తొందర


ఫిబ్రవరి 17, సోమవారం

తొందరకు,

నీ ఉత్తరంతో నేను చేసిన పని ముందు చెప్తాను. కొట్టులో పనికి మనిషి కావాల్సి వచ్చి మాన్పించారు అని నువ్వు రాసిన వాక్యం కొట్టావిడకు చదివి వినిపించాను. అభియోగం మోపినప్పుడు అవతలి మనిషికి తెలియాలి, ఆమె జవాబు కూడా వినాలి. అది న్యాయం అనుకున్నాను.

ఆవిడ ఇస్త్రీపెట్టె తీసి నిలబెట్టింది. నా దుప్పట్లు, ఇస్త్రీ చేసినవీ చెయ్యనివీ అన్నీ కలిపి, బల్ల మీద నా వైపు నెట్టింది.

"చదువుకున్నవాళ్ళు మీరు, ఏమైనా రాసుకోండి. మా పిల్లకి బడే వద్దు. ఇంక అడక్కండి."

ఇంతకుముందు పిల్ల మాత్రమే రానంది. ఇప్పుడు పెద్దవాళ్ళూ పంపేది లేదంటున్నారు. అది నీ వాక్యం చేసిన పని, నేను చదివినందువల్ల జరిగిన పని. మన ఇద్దరి ఖాతాలోనూ సగం సగం వేసుకుందాం. నా దుప్పట్లు ముడతలతో పరుచుకుని పడుకుంటున్నాను.

ఇలాంటివి మేం రోజూ చూస్తుంటాం అన్నావు. ఆ "మేం" ఎవరు? నేను ఈ దేశంలో మొదట చేరిన బడిలో నా గురించి కూడా అలాగే అనేవారు. ఇలాంటివాళ్ళు ఇంట్లో వంట తొందరలో ఉంటారు, సాయంత్రం క్లాసులు తీసుకోరు అని. ఎవరూ నన్ను అడగలేదు. సాయంత్రం క్లాసులన్నీ నేనే తీసుకున్నాను. అయినా అనడం మానలేదు. ఆ "మేం" అన్న మాట ఇన్నేళ్ళ తరువాత నీ దస్తూరీలో చదవాల్సి వచ్చింది.

పిల్ల అబద్ధం ఆడుతోందంటావు. నాతో ఇంకా మాట్లాడటం లేదు, కానీ నేను మెట్లు దిగినప్పుడల్లా చూస్తున్నాను. ఆ పిల్ల దుప్పటి మడిచే ముందు అంచుకు అంచు సరిపోయిందో లేదో వేళ్ళతో కొలుస్తుంది. సరిపోకపోతే విప్పి మళ్ళీ మడుస్తుంది. అబద్ధాలాడే పిల్ల అంత శ్రమ పడదు.

నాకు రెండు కావాలి. ఆ రోజు ఫొటోలు తీసే ఉంటారు, ఇన్‌స్పెక్టరు వచ్చారు కనక. అందరూ ఉన్న ఫొటో పంపు. ఆ పిల్ల అందులో ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. రెండోది, ఆ పటంలో నువ్వెక్కడ నిలబడ్డావు?

మూత వదులు కాలేదు. గోరు విరిగింది.

అమ్మమ్మ


ఫిబ్రవరి 21, శుక్రవారం

అమ్మమ్మా,

నా ఉత్తరాన్ని ఆవిడకు చదివి వినిపించావా! అది నీకు రాసింది. నీ ఉత్తరాలు నేనెప్పుడైనా ఎవరికైనా చదివానా? మా హెడ్మిస్ట్రెస్ గురించి నువ్వు రాసినవి ఆవిడకు వినిపిస్తే నా ఉద్యోగం ఉండేదా? నీకు న్యాయం కావాలి, మిగతావాళ్ళ పరువు ఏమైపోయినా ఫరవాలేదు.

నేను బయటివాళ్ళను చూసే కళ్ళతో చూస్తున్నానంటావు. ఆ కళ్ళు నాకెలా వచ్చాయి? ఈ పాఠానికి ముందు నిన్ను అడిగాను. నువ్వెలా వచ్చావు, మొదటి రోజుల్లో ఏం జరిగింది, పిల్లలకు చెప్తాను రాయమని అడిగాను. నువ్వేం పంపావు? స్కేలు. వెయ్యి కిలోమీటర్లకు రెండడుగులు. అంతే. బడిలో నిన్ను అలా అనేవారని మొన్నటి ఉత్తరంలో మొదటిసారి చదివాను. అదీ నన్ను తిట్టడానికి పనికొస్తుందని రాశావు. అమ్మకైనా చెప్పావా? ఏమీ చెప్పని మనిషి మనవరాలు ఎక్కడ నిలబడుతుంది? మధ్యలోనే నిలబడ్డాను. బోర్డు దగ్గర, ఇక్కడి పిల్లలతో. చప్పట్లు కొట్టాను. నీ రెండో ప్రశ్నకు జవాబు అది.

మొదటి ప్రశ్నకు జవాబు రాయడానికి రెండు రోజులు పట్టింది.

ఫొటో జతచేస్తున్నాను. ఆ పిల్ల అందులో లేదు. వేలు పెట్టడానికి ఎక్కడా లేదు. ఆ రోజు రాలేదేమోనని హాజరు చూశాను. వచ్చింది. నా సంతకం కూడా ఉంది.

నిన్న పిల్లలు వెళ్ళిపోయాక టేపు తీసుకుని గదిలోకి వెళ్ళాను. సుద్ద గీతలు పూర్తిగా పోలేదు. మధ్య నుంచి ఆ పిల్ల వాళ్ళ ఊరి వైపు కొలిచాను. ఆ దిక్కున తలుపు ఉంది, అమ్మమ్మా. గడప దగ్గర నేను ఒక బాణం గుర్తు వేశాను, ఇంకా దూరం ఉందని చెప్పడానికి. గోడల వైపు వాళ్ళందరూ గోడ దగ్గర ఆగిపోయారు. నాకూ అదే సరిపోయిందనిపించింది. తలుపు వైపు ఆపడానికి ఏముంది? టేపు పట్టుకుని గడప దాటాను. నీ లెక్క ప్రకారం ఆ పిల్ల ఊరు వరండాలో, చెప్పుల గూడు పక్కన పడింది.

అక్కడ నిలబడి చూశాను. అప్పుడు గుర్తొచ్చింది. పాఠం మధ్యలో పక్క క్లాసు గోల వస్తోందని, ఇన్‌స్పెక్టరుకు వినపడదని, తలుపు వేశాను. నేనే వేశాను. బయట చూడలేదు.

ఎవరూ శిక్షించలేదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు. కొట్టావిడ గురించి రాసింది తప్పు, ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను, కావాలంటే ఇది కూడా చదివి వినిపించు. కానీ స్కేలు నీది. నేను వేసిన చిన్న పటం అలాగే ఉండి ఉంటే ఆ పిల్ల గోడ పక్కన మా అందరి మధ్యలో నిలబడేది. కొలత తప్పేది, పిల్ల దక్కేది. దానికి నీ దగ్గర జవాబు ఉందా?

ఇంకో సంగతి. వరసగా నాలుగు వారాలు రాకపోతే పేరు కొట్టేస్తారు. మార్చి ఐదుకు ఆఖరు. ఆ తరువాత మళ్ళీ చేర్చాలంటే జూన్ దాకా ఆగాలి. జూన్ నాటికి ఆ పిల్ల కొట్టుకే అలవాటు పడిపోతుంది. నేను చెప్తే రాదు. ఏం చెయ్యమంటావో నువ్వే చెప్పు. ఎప్పుడూ చెప్తూనే ఉంటావుగా.

తొందర


ఫిబ్రవరి 25, మంగళవారం

తొందరకు,

నీ ఉత్తరం కొట్టావిడకు చదవలేదు. వాక్యం వెనక్కి తీసుకున్నావని మాత్రం చెప్పాను. ఆవిడ ఊఁ అంది. ఆ ఊఁ లో ఏముందో నాకు తెలీదు. ఉత్తరం తీసుకుని నేను మాట్లాడింది పిల్లతో.

ఎందుకు తలుపు కొట్టలేదు అని అడిగాను. నాకు అర్థం కానిది అదొక్కటే. కొట్టావిడ లోపలికి వెళ్ళేదాకా పిల్ల ఆగింది. తరువాత చేతిలో దుప్పటి అంచు సరిచేసుకుంటూ చెప్పింది.

"కొలత సరిగ్గానే ఉంది టీచర్. రెండుసార్లు కొలిచాను. పిలుస్తారని నిలబడ్డాను. లోపల చప్పట్లు వినిపించాయి. నేను లేకుండానే అయిపోయింది కదా అనుకున్నాను."

గంట కొట్టాక అందరూ ఆ పిల్ల పక్కనుంచే చెప్పులు వేసుకుని వెళ్ళారట. ఒక్కరూ ఎందుకు ఇక్కడున్నావని అడగలేదట. వాళ్ళు పిల్లలు. నువ్వు?

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. స్కేలు నాదే. అది తప్పు కాదు. కొలత తప్పేది, పిల్ల దక్కేది అని రాశావే, ఆ వాక్యం చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. పిల్లను దగ్గర పెట్టుకోవడానికి వాళ్ళ ఊరిని దగ్గరికి జరిపెయ్యాలా? అంత దూరం నుంచి వచ్చింది కనక అంత దూరం గీయాలి. పటంలో తప్పు మధ్యలో ఉంది. మధ్యలో బడిని పెట్టమని ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు. నువ్వే పెట్టావు. బడిని మధ్యలో పెట్టావు కనక అక్కడున్నవాళ్ళు ఇంటివాళ్ళయ్యారు, మిగతావాళ్ళు చుట్టాలయ్యారు. చుట్టాలకే కదా చప్పట్లు కొట్టి ఆహ్వానించేది? వచ్చి ఏడాదైన పిల్ల, నీ క్లాసులో పేరున్న పిల్ల, నీకు చుట్టం ఎలా అవుతుంది?

ఇంకో తప్పు ఉంది. అది నీ ఒక్కదానిదే. ఆ పిల్ల ఊరు టేపుతో కొలిచావు. నాది కొలిచావా? నేను పుట్టిన ఊరూ ఆ దిక్కే. ఇంట్లో కూర్చుని కాగితం మీద లెక్క వేశాను. నాదీ గడప అవతలే పడుతుంది, ఆ పిల్లకు రెండు చేతుల దూరంలో. నీ కుటుంబం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడికి వెళ్ళి నిలబడమని పిల్లలందరికీ చెప్పావు. నువ్వు చెప్పిన పని నువ్వు చేసి ఉంటే, చప్పట్లు కొట్టే సమయానికి వరండాలో ఆ పిల్ల పక్కన ఉండేదానివి. తలుపు వెయ్యడానికి లోపల నువ్వు ఉండేదానివే కాదు.

నేనేమీ చెప్పలేదన్నావు. నిజమే. చెప్పకపోవడానికి కారణం సిగ్గు కాదు, కోపం. ఈ దేశానికి వచ్చినప్పటి నుంచీ అందరూ నన్ను అడిగింది ఒకటే: ఎందుకొచ్చావు, ఎలా వచ్చావు. బడికి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే హెడ్మాస్టరు నన్ను పిలిచి, ఈవిడ ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసా అనేవాడు. ఈవిడ క్లాసులో లెక్కలు ఎలా చెప్తుందో తెలుసా అని ఒక్కసారైనా అనలేదు. అడిగి అడిగి ఆ కథ నా దగ్గర అరిగిపోయింది. నీకైనా చెప్పబుద్ధి కాలేదు. నువ్వడిగితే కోపం రాకూడదు, అయినా వచ్చింది. అందుకే స్కేలు పంపాను. నాకు బాగా తెలిసింది అదే, గర్వంగా ఇవ్వగలిగిందీ అదే. ఆ పిల్లకు కూడా అంతే. దాన్ని ఎక్కడి నుంచి వచ్చావని అడిగారు, వెళ్ళి కరెక్టుగా నిలబడింది. ఎంత కరెక్టుగా నిలబడిందో చూడటానికి ఎవరూ రాలేదు.

నిన్న సాయంత్రం ఒక పని చేశాను. ఇస్త్రీ బల్ల మీద పాత దుప్పటి పరిచి, సుద్దముక్క ఇచ్చి, నీ పటం నువ్వు గీయి అన్నాను. పిల్ల దుప్పటి అంచులు లాగి సరిచేసింది. మధ్యలో వాళ్ళ ఊరు పెట్టింది. వాళ్ళ ఇల్లు, వాళ్ళ పాత బడి, వాళ్ళ తాత ఊరు, అన్నీ చుట్టూ పెట్టింది. తరువాత మీ బడి దిక్కు కొలుచుకుంటూ వెళ్ళింది. దుప్పటి అయిపోయింది. బల్ల అయిపోయింది. చివరికి సుద్దముక్క పట్టుకుని కొట్టు గడప దాటి వీధిలో, కాలువ పక్కన కూర్చుని ఒక చుక్క పెట్టింది.

"మన బడి ఇక్కడ పడింది టీచర్," అంది. అని నవ్వింది. ఇక్కడికి వచ్చాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలని వాళ్ళ పిన్ని అంది.

మన బడి అంది. నీ బడి అనలేదు. అది విన్నాక ఈ ఉత్తరం రాస్తున్నాను.

పిల్లను బడికి పంపడానికి కొట్టావిడ చివరికి ఒప్పుకుంది, ఒక షరతు మీద. తన కొట్టుకు నువ్వే రావాలి. నా ఇంటికి కాదు, తన బల్ల ముందుకు. నేను పక్కన ఉండకూడదట. అది న్యాయమే అనిపించింది.

సంతకం ఇక్కడే పెడుతున్నాను, కింద ఉన్నది ఉత్తరం కాదు, పని. ఇది నువ్వు అడిగావు.

అమ్మమ్మ

1. శనివారం, మార్చి ఒకటిన, మొదటి బస్సుకు రా. సామాను పైకి తేకముందే కొట్టులోకి వెళ్ళు. ఆవిడతో ఏం చెప్పాలో నేను రాసివ్వను. పక్కవాళ్ళ మాటలు వద్దు, నీ మాట చెప్పు. "మేం" అనే మాట నోట రానివ్వకు.

2. పిల్లను ఏమీ అడగకు. ఎలా వచ్చారు, ఎందుకొచ్చారు, బాధపడ్డావా, ఏదీ వద్దు. స్కేలు ఎంత వెయ్యాలో మాత్రం అడుగు. అది చెప్తుంది.

3. ఆదివారం సాయంత్రం బస్సులో పిల్లను వెంటబెట్టుకుని వెళ్ళి వాళ్ళ అమ్మకు అప్పగించు. సోమవారం, మార్చి మూడున, హాజరు వెయ్యి. హెడ్మిస్ట్రెస్ అడిగితే నాలుగు వారాలు కాలేదని తేదీలు చూపించు. తేదీలు నా నకలులో ఉన్నాయి, పంపిస్తాను.

4. గది నేల నువ్వే కడుగు. పిల్లల చేత కడిగించకు.

5. కొత్త పటం ఆ పిల్ల గీస్తుంది. మధ్యలో ఎవరి ఊరు పెట్టాలో ఆ పిల్ల ఇష్టం. బడి ఎక్కడ పడితే అక్కడికి, వరండా అయినా కాలువ అయినా, తరగతి అంతా నీతో సహా నడిచి వెళ్ళి నిలబడాలి. ఎండగా ఉన్నా సరే.

6. ఆ రోజు ఇన్‌స్పెక్టరును పిలవకు. ఫొటో తియ్యకు.

7. తలుపు తీసే ఉంచు. పక్క క్లాసు గోల చెయ్యనీ.

8. చప్పట్లు వద్దు. తన బడికి తను వచ్చినందుకు ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆ పిల్ల లోపలికి రాగానే పుస్తకం తీసి, ఏ పేజీలో ఆగామో చెప్పు.